ద్వివచనం

సోహార్‌లో మే నెల. పొద్దున పదికే
కిటికీ అద్దం చేత్తో ముట్టుకోనివ్వదు.
ఈ ఏడు పిల్లలు బడికి పోవడం లేదు.
ఫీజు కాగితం ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది,
దాన్ని మేమెవరం చదవం.

వంటింటి బల్లే బడి.
లెక్కలు అయ్యాయి, ఇంగ్లీషు అయింది,
తెలుగు ఒత్తుల దగ్గర సుహాస్ రోజూ ఏడుస్తాడు, అదీ అయింది.
మధ్యాహ్నం ఒక గంట మిగులుతుంది.
ఒకటే గంట. ఒక్క భాషే పడుతుంది అందులో.

మా ఆయన పోర్టులో క్రేన్ దిగి వచ్చి
చెమట చొక్కా విప్పకుండానే తేల్చేశాడు:
"సంస్కృతం నేర్పు. రేపు ఇంటర్లో మార్కులు పడతాయి.
అరబ్బీ ఎందుకు, ఇక్కడే ఉండిపోతామా?"
ఆ ప్రశ్నకి రెసిడెంట్ కార్డు ఒక్కటే జవాబు చెప్పగలదు,
అదీ రెండేళ్ళకోసారి.

నాకు సంస్కృతంలో తొంభై ఎనిమిది వచ్చాయి.
పలాసలో మా కాలేజీ అందరికీ వచ్చాయి.
తెలుగు లిపిలో రాశాం,
గైడు చూసి బట్టీ పట్టినదంతా
పరీక్ష హాలు మెట్లు దిగుతూ దిగుతూ మరిచిపోయాం.
ఇప్పుడు ఆ మార్కుల్ని తలుచుకుంటే
ఎవరి నగలో పెట్టుకుని ఫొటో దిగినట్టుంటుంది.

అయినా మొదలుపెట్టాను. ఫలం. ఫలే. ఫలాని.
వకుళ ఆపింది. "మధ్యలో ఈ ఫలే ఎందుకమ్మా?"
ఒకటి వేరు, రెండు వేరు, మూడు నుంచి గుంపు, అన్నాను.
రెండింటికి మాత్రం విడిగా ఒక రూపం.
ఏడేళ్ళ పిల్ల కాసేపు తమ్ముణ్ణి చూసింది.
"అయితే మేం ఫలే" అంది.

ఆ సాయంత్రమే కింది వాటా షంసా
(షంసమ్మ అని నేనే పేరు పొడిగించాను)
గిన్నెడు ఖర్జూరాలు పంపి, వెనకే తనూ వచ్చింది.
మోకాళ్ళు పట్టుకుని నిలబడి
"కుర్సీ" అని చెయ్యి చూపింది.
సుహాస్ గెంతాడు: "అమ్మా, మన మాట ఈవిడకెలా తెలుసు!"
ఎలా చెప్పను, ఆ కుర్చీ వీళ్ళింటి నుంచే
ఎప్పుడో మనింటికి వచ్చిందని,
బాకీ, వసూలు, అసలు, హక్కు,
మా మామగారు బియ్యం కొట్టు పద్దుల మీద
రోజూ పోట్లాడిన మాటలన్నీ
ఎన్ని చేతులు మారో వచ్చినవేనని.

షంసమ్మ పిల్లలకి చెరో ఆపిల్ ఇచ్చి
"తుఫ్ఫాహతైన్" అంది.
ఒకటైతే తుఫ్ఫాహా. రెండైతే చివర ఆ తైన్.
నా వేళ్ళు పట్టుకుని లెక్కపెట్టి చూపించింది.
వకుళ నావైపు తిరిగింది, కళ్ళు ఇంతింత చేసుకుని:
"వీళ్ళక్కూడా ఫలే ఉంది!"

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
ఒక భాషలో పలకరించడానికి ఎవరూ లేరు,
తప్పు పలికితే నొచ్చుకునేవాళ్ళూ లేరు.
రెండోది తలుపు తీస్తే మెట్ల మీదే ఉంది,
మందుల షాపులో, కరెంటు బిల్లులో, లిఫ్టు గోడ మీద.
ఎనిమిదేళ్ళుగా దానికి తల ఊపి బతుకుతున్నాను.
పిల్లలు నా దగ్గర
ఆ తల ఊపడం నేర్చుకోకూడదు.

మన తెలుగులో రెండుకి రూపం లేదు.
ఉన్నది ఇంకొకటి: మేము, మనం.
ఎదుటి మనిషిని కలుపుకుంటామా లేదా,
నోరు తెరిచిన ప్రతిసారీ తేల్చుకోవాలి.
షంసమ్మ పక్కన కూర్చున్నప్పుడు
లోపల ఏ మాట కదులుతుందో
నాకింకా తెలీదు.

పొద్దున టైంటేబుల్ కాగితం తీసి
మధ్యాహ్నం గడిలో అరబ్బీ అని రాశాను.
పెన్సిల్‌తో.
మా ఆయన చూశాడు. ఏమీ అనలేదు.
క్యారేజీ అందుకుని తలుపు దగ్గర ఆగి
"నాక్కూడా కాస్త చెప్పించు,
ఫోర్‌మన్ తిట్టేది సగమే అర్థమవుతోంది" అన్నాడు.

బల్ల మీద ఆపిళ్ళు. ఒకటి ముట్టలేదు,
ఒకటి సుహాస్ సగం కొరికి వదిలేశాడు.
ఒకటిన్నరకి ఏ వచనమో
ఇంక ఎవర్ని అడగాలి.